రోలండ్ ఆగ్డెన్ చూడని పువ్వు

రోలండ్ ఆగ్డెన్ గురించి నాలుగు మంచి మాటలు రాసిపెట్టమని మా క్లబ్బు వాళ్లు నన్ను అడిగారు. క్లబ్బుకి అరవై ఏళ్లు నిండుతున్నాయట, పాత సభ్యుల మీద చిన్న పుస్తకం వేస్తారట. మూడు రోజులు ఆలోచించాను. నాలుగు దొరకలేదు. ఒకటి దొరికింది: మనిషి వేళకి వస్తాడు. మంగళవారం ఏడున్నరకి మీటింగంటే ఏడూ ఇరవై అయిదుకి మెట్ల మీద అతని బూట్ల చప్పుడు వినిపిస్తుంది. ఆ తర్వాత ఇంటికి పోయేదాకా అతన్ని భరించడం మా వంతు.

ఇప్పుడు నేను రాసేది వాళ్లు పుస్తకంలో వేసుకోరు. వేసుకోకపోతే పోనీ.

నా పేరు మ్యూరియెల్. కార్‌ఫోల్డ్ కెమెరా క్లబ్బుకి పందొమ్మిదేళ్లుగా కార్యదర్శిని. పేరుకి కార్యదర్శి గానీ, కుర్చీలు వేసేదీ, టీ కాచేదీ, పోటీల్లో మార్కులు చదివేదీ నేనే. ల్యాంకషైర్‌లో మిల్లులు మూతపడి వాన మాత్రం మిగిలిన ఊళ్లలో మాదొకటి. సభ్యులం ఇరవై రెండు మందిమి. అందులో పద్నాలుగు మంది ప్రతి ఏడూ అదే రాతి వంతెనని అదే వానలో ఫొటో తీస్తారు. మాజీ సైనికుల హాలు వాళ్లు పైగది మాకు ఊరికే ఇచ్చారు. దానికి బదులుగా ఏటా నవంబరులో, యుద్ధాల్లో పోయినవాళ్లని తలుచుకునే ఆదివారం నాడు, వాళ్ల ఊరేగింపుని మాలో ఒకరు ఫొటో తీసి పెట్టాలి. ఏడాదికొకరి వంతు. ఒకరి వంతు నడుస్తుంటే మిగతావాళ్లు కెమెరా సంచిలోంచి బయటికి తియ్యకూడదు. అది మా మర్యాద. ఏం మర్యాదో, తగలెయ్య.

రోలండ్ ముప్ఫై ఒక్క ఏళ్లు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. కసాయి కొట్లో తక్కెడ ముల్లు, పబ్బులో బీరు గ్లాసు నురగ, బొగ్గు బస్తా బరువు, అన్నీ పరీక్షించి తప్పు పట్టడమే ఉద్యోగం. రిటైరయ్యాక తప్పు పట్టడానికి ఎవరూ మిగలక మా దగ్గరికి వచ్చాడు. వచ్చిన మొదటి మంగళవారమే నా ఫొటో ముందు నిలబడి తల పక్కకి వాల్చాడు.

"మ్యూరియెల్, నీ ఫొటోలో నేల అర డిగ్రీ ఎడమకి వాలింది."

"నా నడుం కూడా వాలింది రోలండ్. దాన్నేం చేద్దాం?"

నవ్వలేదు. ఆ మనిషి నవ్వగా నేనెప్పుడూ చూడలేదు, ఇంకొకరి ఫొటోకి మార్కులు తగ్గినప్పుడు తప్ప.

అందరిలాగా తియ్యడం తన స్థాయికి తక్కువనుకున్నాడు. ఇన్‌ఫ్రారెడ్ పట్టుకున్నాడు. మొదట్లో లెన్సు ముందు నల్లటి గాజుబిళ్ల ఒకటి బిగించుకునేవాడు. మామూలు వెలుతురుని అది ఆపేస్తుంది, కంటికి ఆనని ఇన్‌ఫ్రారెడ్‌ని మాత్రం లోపలికి వదుల్తుంది. అదీ చాలా తక్కువ. అందుకని కెమెరాని స్టాండు మీద నిలబెట్టి ఒక్కో ఫొటోకి అర నిమిషం ఆగాలి. మా ఊళ్లో అర నిమిషం గాలి ఆగిన రోజు నేనెరగను. అతని ఫొటోల్లో చెట్లన్నీ ఉడికిపోయిన కాలీఫ్లవర్‌లా ఉండేవి. గొర్రెలు పొగలా ఉండేవి. జడ్జీలు ఇరవైకి పన్నెండు ఇచ్చి తప్పుకునేవారు. "వీళ్లకి అర్థం కాదు" అని రోలండ్ బిస్కెట్టు కొరుకుతూ అందరికీ వినపడేలా అనేవాడు.

2010 వసంతంలో, తనకున్న ఒక్క మంచి కెమెరానీ పార్శిలు కట్టి దేశం దక్షిణ కొసకి పంపాడు. అక్కడ ఎవరో ఒకాయన ఉన్నాడట. కెమెరా విప్పి, సెన్సర్ మీదుండే గాజుపలక పీకేసి, దాని చోట ఇన్‌ఫ్రారెడ్‌ని తప్ప దేన్నీ రానివ్వని పలక వేస్తాడట. ఇక స్టాండు అక్కర్లేదు, అర నిమిషం ఆగక్కర్లేదు, చేత్తో పట్టుకుని టక్కున నొక్కడమే. కాకపోతే ఆ కెమెరా మళ్లీ మామూలు ఫొటో తియ్యలేదు.

"ఉన్న ఒక్కదాన్నీ కోయించేశావా? రేపు మామూలు ఫొటో తియ్యాల్సొస్తే ఏం చేస్తావు?" అని అడిగాను.

"మామూలు ఫొటో ఎందుకు తియ్యాలి?" అన్నాడు. నిజంగానే అడిగాడు. అతనికి అర్థం కాలేదు.

ఆరు వారాలకి కెమెరా తిరిగొచ్చింది. మొదటి మంగళవారం అతని ఫొటోలు తెర మీద పడగానే మేమందరం "అబ్బ!" అన్నాం. ఎందుకు అబద్ధం చెప్పాలి? ఆకాశం సిరా ఒలికినట్టు నల్లగా, గడ్డీ ఆకులూ మంచు పడ్డట్టు తెల్లగా. మూడో నెలకి ఆ అబ్బలు ఆవలింతల్లో కలిసిపోయాయి. తెల్లటి రిజర్వాయరు గట్టు, తెల్లటి చర్చి తోట, మళ్లీ తెల్లటి రిజర్వాయరు గట్టు. ఏది అసలు ఏ రంగులో ఉండేదో అడగడం కూడా మానేశాం. రోలండ్ ఫొటో అంటే తెల్లగా ఉంటుంది, అంతే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మా అందరి సిగ్గూ ఇందులోనే ఉంది.

మార్కులు మాత్రం పెరిగాయి. పదిహేడు, పద్దెనిమిది. మార్కులతో పాటు మనిషీ పెరిగాడు. టీ విరామంలో కప్పు పట్టుకుని మధ్యలో నిలబడి ఉపన్యాసం: "మీరంతా కంటికి కనిపించేది తీస్తారు. అది ఎవడైనా తీస్తాడు. నేను కంటికి కనిపించనిది తీస్తాను." ఇది కనీసం ఇరవై సార్లు విన్నాను. ఇరవయ్యో సారి టీలో పంచదార బదులు ఉప్పు వేద్దామనిపించింది.

అతని భార్య గ్లెనిస్‌ది మహా ఓర్పు. నలభయ్యో పెళ్లిరోజుకి ముదురు నీలం డ్రస్సు కొనుక్కుని, పాపం, జుట్టు ఉంగరాలు చుట్టించుకుని కెమెరా ముందు కూర్చుంది. ఫొటో తెచ్చి నా వంటింట్లో బల్ల మీద పెట్టింది. డ్రస్సు పాలలో ముంచినట్టుంది. మొహం మైనం ముద్ద. పెదాలు చెంపల్లో కలిసిపోయాయి. కళ్లు రెండూ నల్లటి కన్నాలు.

"చూడు మ్యూరియెల్, బతికుండగానే నన్ను శవపెట్టెలో పడుకోబెట్టాడు" అంది. నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వులో సరదా లేదు.

"మరి ఏమన్నాడు?"

"ఆ గుడ్డకి వేసిన రంగు నాసిరకం అన్నాడు. నిజమైన ముదురు రంగయితే తన కెమెరాలోనూ ముదురుగానే వస్తుందట. కొట్టువాడు నన్ను మోసం చేశాడట."

ముప్ఫై ఒక్క ఏళ్ల ఉద్యోగం ఎక్కడికి పోతుంది? పెళ్లాం డ్రస్సుని కూడా తనిఖీ చేశాడు.

ఇప్పుడు విల్ఫ్ గురించి చెప్పాలి. విల్ఫ్రెడ్ టాటర్సల్. 2011లో ఆయనకి ఎనభై తొమ్మిది. జర్మన్లతో యుద్ధానికి మా ఊరినుంచి వెళ్లినవాళ్లలో మిగిలినది ఆయనొక్కడే. హాల్లో కింద గోడ నిండా పాత సైనికుల పటాలు వేలాడుతుంటాయి. ఒక మేకు మాత్రం బోసిగా ఉండేది. అది విల్ఫ్‌ది. ఫొటో అనేసరికి ఏదో వంక పెట్టి జారుకునేవాడు. అలాంటిది ఆ శరదృతువులో డాక్టరు దాపరికం లేకుండా చెప్పేశాడట, వచ్చే ఏడు నవంబరు మీరు చూడరని. విల్ఫ్ తనంతట తనే హాలు అధ్యక్షుడు ఆల్బర్ట్ క్రాన్‌షా దగ్గరికి వచ్చాడు.

"ఈసారి తీయించుకుంటానోయ్ ఆల్బర్ట్. స్మారకం దగ్గర దండ పెడుతూ. ఒక్కటి చాలు. ఆ మేకు అలా వదిలేసి పోవడం బాగోదు."

ఒక్కటంటే ఒక్కటే అవకాశం. ఆ ఏడు వంతు రోలండ్‌ది.

నేను ఊరుకోలేదు. ఊరేగింపుకి ముందు మంగళవారం కుర్చీలు సర్దుతూ అడిగాను: "రోలండ్, ఈ ఒక్కసారికి నన్ను తియ్యనీ. నాది మామూలు కెమెరా. నీ వంతు వచ్చే ఏడు తీసుకో."

"నాది మామూలు కాదనేగా నీ బాధ?"

"విల్ఫ్ మొహం గ్లెనిస్ మొహంలా రాకూడదనే నా బాధ."

"ఎండలో దూరం నుంచి తీస్తే మొహాలు బాగానే వస్తాయి. నలుపు తెలుపులో పెడితే ఏ కెమెరాతో తీశానో వాళ్లకెలా తెలుస్తుంది? ఏడేళ్లకి వచ్చింది మ్యూరియెల్ నా వంతు. నీకు అసూయగా ఉంటే ఆ మాటే చెప్పు."

అసూయట! ఒళ్లు మండిపోయింది. మండినా ఏం లాభం, "నీ ఖర్మ" అని ఊరుకున్నాను. పోట్లాడాల్సింది, పోట్లాడలేదు.

ఆదివారం ఎండ కాసింది. మా ఊళ్లో నవంబరులో ఎండంటే వింతే. స్మారకం చుట్టూ జనం. ప్రతి కోటు మీదా ఎర్ర కాగితం పువ్వు, గసగసాల పువ్వు, పోయినవాళ్ల కోసం. పదకొండు కొట్టగానే రెండు నిమిషాల మౌనం. పసిపిల్లలు కూడా నోరెత్తలేదు. ఆ నిశ్శబ్దంలో టక్, టక్, టక్ అని రోలండ్ కెమెరా. ఆల్బర్ట్ కళ్లురిమి చూశాడు. రోలండ్ చూస్తేగా! మోకాళ్ల మీద కూర్చుని ఫొటోలో నల్లబోయే ఆకాశాన్ని వెతుక్కుంటున్నాడు. విల్ఫ్ పాత నల్ల ఉన్ని కోటు వేసుకుని, ఎడమ చేత్తో కర్ర పట్టుకుని, కుడి చేత్తో ఎర్ర పువ్వుల దండ మెట్టు మీద పెట్టాడు. వంగడానికి చాలాసేపు పట్టింది. లేవడానికి ఇంకా సేపు. నా కెమెరా సంచిలోనే ఉంది. మర్యాద కదా.

రెండు రోజులకి క్లబ్బు పోటీ. రోలండ్ ఆ ఫొటోనే పెట్టాడు, హాలు వాళ్లకి ఇవ్వకముందే. బయటి ఊరి నుంచి జడ్జి వచ్చాడు. సన్నగా, మెడకి రుమాలు కట్టుకున్న మనిషి. జడ్జికి పేర్లు చెప్పకూడదు, ఎక్కడిదో చెప్పకూడదు. తెర మీద చూసి మాట్లాడాలి, మార్కు వెయ్యాలి. ఫొటో పడగానే ఆయన కుర్చీలోంచి లేచాడు.

"ఆహా! ఆ నల్లటి ఆకాశం చూడండి. స్మారకం వెనక ఆ చెట్టు, వెండిలా వెలిగిపోతోంది. ఇక ఈ చిన్న చిన్న తెల్లటి చుక్కలు ఉన్నాయే, ఒక్కో మనిషి గుండె మీద ఒక్కో చుక్క, ఇవి మన చూపుని చెయ్యి పట్టుకుని ఆ ముసలాయన దగ్గరికి తీసుకెళ్తాయి. అక్కడ ఆయన చేతిలో తెల్లటి వలయం. అద్భుతమైన కూర్పు. ఇరవైకి ఇరవై."

తొమ్మిదేళ్లలో మా క్లబ్బులో ఎవరికీ ఇరవై రాలేదు. చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఇరవై రెండు జతల కళ్లు, ఒక జడ్జి, పది నిమిషాలు ఆ చుక్కల్నే చూశాం. ఎంత బాగా వెలుగుతున్నాయో చూశాం, చూపుని ఎటు తీసుకెళ్తున్నాయో చూశాం. అవేమిటో ఒక్కరం చూడలేదు. ఇంత గుడ్డితనం నేర్చుకోవాలంటే ఏళ్ల తరబడి ఫొటోగ్రఫీ చెయ్యాలి.

డిసెంబరు రెండో శనివారం మధ్యాహ్నం హాల్లో పెద్ద భోజనం. గొర్రెమాంసం, బంగాళాదుంపలు వేసి పొద్దుటినుంచి పొయ్యి మీద ఉడికించిన హాట్‌పాట్, పక్కన ఎర్ర క్యాబేజీ ఊరగాయ. విల్ఫ్‌ని ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నాలుగు వారాల్లోనే చిక్కిపోయాడు, చొక్కా కాలరులో మెడ ఊగుతోంది. రోలండ్ తనే పటం కట్టించి, హాలు వాళ్లెవరికీ చూపించకుండా మేకుకి తగిలించి మీద జెండా కప్పాడు. కింద చీటీ నేనే టైపు చేశాను: "విల్ఫ్రెడ్ టాటర్సల్. ఛాయాచిత్రం: రోలండ్ ఆగ్డెన్." రోలండ్ కొత్త టై కట్టుకుని పటం పక్కన నిలబడ్డాడు, ఎవరో తనకే పతకం పెట్టబోతున్నట్టు.

ఆల్బర్ట్ జెండా లాగాడు.

చప్పట్లు మొదలై మధ్యలో ఆగిపోయాయి. నేను తల ఎత్తి చూశాను. తెర మీద చూసిన ఫొటోనే. కానీ ఇప్పుడు చుట్టూ ఈ మనుషులున్నారు, ఈ గోడ ఉంది. అప్పుడు కనపడింది నాకు.

మాకు చెప్పక్కర్లేదు గానీ మీకు చెప్తాను. ఎర్ర పువ్వు పోయిన సైనికులకి. తెల్ల పువ్వు అసలు యుద్ధాలే తప్పు అనేవాళ్లు పెట్టుకుంటారు. ఆ హాల్లో తెల్ల పువ్వు పెట్టుకుని అడుగుపెట్టడమంటే గోడ మీది పటాల మొహాన ఉమ్మేసినట్టే. ఇప్పుడు ఆ గోడ మీదే, ముప్ఫై మంది మాజీ సైనికుల గుండెల మీద మల్లెపూవంత తెల్లటి పువ్వులు. విల్ఫ్ పెట్టిన దండ తెలుపు. విల్ఫ్ పాత ఉన్ని కోటు ఎందుకో నల్లగానే వచ్చింది, దాని మీద అందరికంటే తెల్లగా ఒక పువ్వు. ఆల్బర్ట్ నల్ల సూటు ఐస్‌క్రీం అమ్మేవాడి కోటులా వచ్చింది గానీ దాన్నెవరూ పట్టించుకోలేదు.

"ఏంటిది?" అన్నాడు ఆల్బర్ట్. "ఏంట్రా ఇది? మాకు తెల్ల పువ్వులు పెడతావా? మాకు!"

"లేదు లేదు, అది వెలుతురు సంగతి," రోలండ్ తడబడ్డాడు. "ఎర్ర రంగు ఇన్‌ఫ్రారెడ్‌ని వెనక్కి కొడుతుంది, అందుకని తెల్లగా… జడ్జి ఇరవై ఇచ్చాడు…"

"జడ్జి ఎవడు? ఏ యుద్ధానికెళ్లాడు వాడు?"

"పీకెయ్యండి దాన్ని!" వెనక నుంచి ఎవరో అరిచారు. "పైగది తాళం కూడా తీసుకోండి వీళ్ల దగ్గర!"

ఆల్బర్ట్ పటం మీద చెయ్యి వేశాడు. నాకు విల్ఫ్ మొహం చూడాలంటే భయమేసింది. బతుకులో ఒక్క ఫొటో అడిగాడు, ఆ ఒక్కటీ ఇలా చేశాం. తీసేస్తే మేకు మళ్లీ బోసి, ఇంకో నవంబరు ఆయనకి లేదు.

"ఆగవోయ్" అన్నాడు విల్ఫ్.

కర్ర మీద లేచి పటం దాకా నడిచాడు. కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశాడు. వేలెత్తి ఫొటోలో తన కోటు మీది పువ్వుని గాజు మీదుగా తాకాడు.

"మా అమ్మ ఇవి కుట్టేది" అన్నాడు. "నేతమిల్లు ఆడవాళ్లంతా కలిసి కుట్టేవాళ్లు. మొదటి యుద్ధంలో మా మావయ్యలిద్దరూ పోయారు. పందొమ్మిది వందల ముప్ఫై ఆరులో, నాకు పద్నాలుగేళ్లు, ఈ గుమ్మం ముందుకి ఆవిడ తెల్ల పువ్వు పెట్టుకుని వచ్చింది. మగాళ్లు తిట్టారు. ఒకడు తోశాడు. నా స్నేహితులు నన్ను చూసి నవ్వుతున్నారు. నేను వెళ్లి ఆ పువ్వు పీకి మురిక్కాలవలో పారేశాను. కోటు చిరిగింది. ఆవిడ ఇంటికి పోయి చిరుగు కుట్టుకుంది."

విల్ఫ్ కర్ర మీద బరువు సర్దుకున్నాడు.

"నేను ఇటలీలో యుద్ధంలో ఉండగా పోయింది. క్షమించమని అడగనే లేదు నేను. ఎన్నోసార్లు ఉత్తరం మొదలుపెట్టాను." మళ్లీ గాజు మీద చెయ్యి పెట్టాడు. "దీన్ని ఇక్కడే ఉండనీ ఆల్బర్ట్."

"విల్ఫ్, అది ఎర్ర పువ్వే. యంత్రం పొరపాటు."

"తెలుసులేవోయ్, నాకేం మతి పోలేదు. ఉండనీ అంటున్నాను."

ఆల్బర్ట్ పటం మీంచి చెయ్యి తీశాడు. ఆ ముసలాయన మాట కాదనేవాడు ఆ హాల్లో లేడు.

అక్కడితో అయిపోయుంటే బాగుండేది. కానీ రోలండ్ ఉన్నాడుగా. గాలి తనవైపు తిరిగిందని పసిగట్టాడు. మొహంలోకి రక్తం తిరిగొచ్చింది, టై సర్దుకున్నాడు. ఒక అడుగు ముందుకి వేసి గొంతు సవరించుకున్నాడు. నాకు తెలిసిపోయింది ఏం చెప్పబోతున్నాడో. నోరు మూసుకోరా అని మనసులో బతిమాలాను.

"నిజానికి విల్ఫ్, నేను కావాలనే అలా తీశాను. అందరూ కనిపించేదే చూస్తారు. దాని వెనకున్నది చూపించాలని నా తపన…"

గ్లెనిస్ తల దించుకుంది. విల్ఫ్ మెల్లగా అతని వైపు తిరిగాడు. కోపం లేదు ఆ మొహంలో. అదే ఘోరం.

"లేదు నాయనా. నీకు కనపడలేదు. కనపడుంటే భయపడి ఇంకో ఫొటో తెచ్చేవాడివి."

రోలండ్ వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"మా అమ్మకి అదేంటో తెలుసు. తెలిసే పెట్టుకుంది, దెబ్బలు తింది. నాకూ తెలుసు, తెలిసే పీకాను. నువ్వు కనీసం చూడను కూడా లేదు." కర్రతో కింద చీటీ చూపించాడు. "అమ్మాయ్ మ్యూరియెల్, అతని పేరు తీసెయ్యి. చెయ్యని పనికి పేరెందుకు?"

వెళ్లి చీటీ పీకాను. అందరూ చూస్తుండగా పెన్నుతో కొత్తది రాశాను, విల్ఫ్ పేరొక్కటే. రాసిన చెయ్యి నాదే. చప్పట్లు కొట్టిన చేతుల్లో అదీ ఒకటి.